టికెట్టు వెనక

వశిష్ఠ పాయ దాటడానికి
మా పంటుకి పట్టేది పన్నెండు నిమిషాలు.
పోటు మీదుంటే పద్నాలుగు.
పాఠం కూడా అంతే ఉంటుంది,
ఎవరో మా ఏటిని కొలిచి చేసినట్టు.

నర్సాపురం గట్టున గొలుసు విప్పగానే
ఇయర్‌ఫోను ఒక చెవికే పెట్టుకుంటాను.
రెండో చెవి సరంగు పోలయ్య కేకలకి వదిలేయాలి.
మోటారు సైకిళ్ళు, రొయ్యల ట్రేలు, కాళ్ళు కట్టిన కోళ్ళు,
వాటి సందుల్లోంచి ఒంటి కాలి మీద దూరి
చిల్లర ఏరుకుంటూ
చీమల కాపురం గురించి వింటాను.
సఖినేటిపల్లి నుంచి తిరిగొచ్చేటప్పుడు చక్రవడ్డీ.
అది విన్న రాత్రి
మా బావ నడిపే చీటీ లెక్క మళ్ళీ వేసుకున్నాను.
ఆ సంగతి ఇక్కడ వద్దు.

ఏటి నడుమ సిగ్నల్ పోతుంది.
రోజూ అక్కడే, ఇసక మేట దాటాక.
తెర మీద చుక్కలు గుండ్రంగా
సుడి తిరిగినట్టు తిరుగుతుంటాయి.
మాస్టారు నోరు తెరిచి ఉంటాడు, మాట రాదు.
అంత పెద్ద మంచుకొండ తనంతట తాను
కిందికెలా జారుతుందో
ఆ మూడు నిమిషాలూ నేనే ఊహించుకోవాలి.
నీళ్ళ వైపు చూసి ఏదో ఒకటి అనుకుంటాను.
అవతలి గట్టు దగ్గర గొంతు మళ్ళీ వస్తుంది.
నేననుకున్నది సగం తప్పు.
మిగతా సగం ఉందే,
దానితో ఆ పూట ఆకలి గుర్తుండదు.

పదిలో లెక్కలు పోయాయి నాకు.
గెద్దాడ మాస్టారు నా పేపరు
చచ్చిన ఎలకని తోకతో ఎత్తినట్టు ఎత్తి
క్లాసంతా చూపించారు.
ఈయనెవరో, ఏ దేశమో,
వెనక్కి జరిపితే విసుక్కోడు,
పదకొండోసారీ అదే నవ్వుతో మొదలెడతాడు.
కింద తెలుగు అక్షరాలు పరిగెడతాయి,
ఒక్కోసారి అడ్డదిడ్డంగా.
అయస్కాంత పొలం, అని వచ్చింది ఓసారి.
రెండు ట్రిప్పులు ఆ పొలంలో నాట్లేస్తూ గడిపాను,
ఇనప రజను మొలకలు వరసలు కట్టాయి.
క్షేత్రం అనాలట.
క్షేత్రమన్నా పొలమేగా!

"దేనికిరా ఇదంతా, ఉద్యోగమొస్తుందా?" అంటాడు పోలయ్య.
రాదు.
"పోనీ కాగితమిస్తారా?"
కాగితానికి డబ్బు కట్టాలి, పాఠం ఊరికే.
వాళ్ళు ఊరికే చెబుతారు,
నేనూ ఊరికే వింటాను.
ఆ రెండు ఊరికేలూ ఒకటి కాదని
పోలయ్యకి చెప్పాలనుకుంటాను,
ఈలోగా రేవొచ్చేస్తుంది.

నోటు పుస్తకం కొనలేదు.
చెరిగిపోయిన టికెట్ల వెనక రాసుకుంటాను,
పెన్సిలుతో, తడిసినా పోకుండా.
మొన్న సందట్లో
అలాంటిదొకటి పేరమ్మ చేతిలోకి వెళ్ళిపోయింది,
చేపల గంప పేరమ్మ.
ఆవిడకి చదువు రాదు, మనవరాలికి వచ్చు.
'సరిపడా పెద్ద ఏరుంటే
శనిగ్రహం నీళ్ళ మీద తేలుతుంది'
అని ఉంది దాని మీద.

మర్నాడు పంటెక్కుతూనే నిలదీసింది.
"నిజమేనేంటిరా?"
నిజమే పిన్నీ, నీళ్ళకంటే తేలికంట.
చాలాసేపు మాట్లాడలేదు.
చేపలకి గోనె కప్పింది, తీసింది, మళ్ళీ కప్పింది.
"ఏడున్నరేళ్ళు నా నెత్తిన కూర్చున్నాడు," అంది,
"మా ఆయన్ని తీసుకుపోయాడు, పడవ తీసుకుపోయాడు.
అంత తేలికా ఆడు?"

నాకు జవాబు రాలేదు.
అది ఏ పాఠంలోనూ లేదు.

ఇవాళ డబ్బులిచ్చి
టికెట్టు తీసుకుని, వెనక్కి తిప్పి చూసింది.
చదువు రాకపోయినా ఖాళీ కాగితం తెలుస్తుంది.
అలిగి, గంప అటు జరుపుకుని కూర్చుంది.

గొలుసు విప్పాను.
ఇసక మేట వచ్చేలోపు
ఏదో ఒకటి నేర్చుకోవాలి.